కిటికీ సీటు: ఎడమా, కుడా? ఏ వరుస?

#1 మేఘమాల

బయట చూడ్డానికే కిటికీ సీటు తీసుకునేవాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. గోడకి తల ఆనించి నిద్రపోయే సీటు గురించి కాదు. నాకు తేలనివి మూడు. ఎడమ వైపా కుడి వైపా అన్నది దేన్నిబట్టి తేల్చుకోవాలి? రెక్క అడ్డం రాకుండా ఉండాలంటే ఏ విమానంలో ఏ వరుస? సీట్ మ్యాపులో కిటికీ సీటని చూపించి, తీరా వెళ్లి కూర్చుంటే గోడ ఎదురయ్యే సీట్లుంటాయి కదా, వాటిని ముందే పసిగట్టే దారి ఉందా? ఫొటోల సంగతీ తెలిసినవాళ్లు చెప్పండి. "ముందు కూర్చోండి, బాగుంటుంది" లాంటి జవాబులు చాలాచోట్ల చదివాను. కాస్త లెక్కలతో చెప్పండి.

#2 దిక్సూచి

అందరూ వరుస దగ్గర మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. ముందు వైపు తేలాలి, వరుస సంగతి ఆ తర్వాత.

అక్షరాల లెక్క ఇది. విమానం ముక్కు వైపు చూస్తూ కూర్చుంటే ఎ ఎడమ చివర. మధ్యలో ఒకే నడవ ఉండి అటు మూడు, ఇటు మూడు సీట్లుంటే కుడి కిటికీ ఎఫ్. రెండు నడవల పెద్ద విమానాల్లో కుడి చివర ఎక్కువగా కె ఉంటుంది, కొన్నిచోట్ల జె గానీ ఎల్ గానీ.

ఇక దారి. మ్యాపు మీద రెండు ఊళ్లకీ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది విమానం వెళ్లే దారి కాదు. దూరపు ప్రయాణాల్లో భూమి గుండ్రానికి తగ్గట్టు దారి వంగుతుంది, మామూలు మ్యాపులో అది ఉత్తరానికో దక్షిణానికో ఉబ్బినట్టు కనిపిస్తుంది. దగ్గరి ప్రయాణాల్లో కూడా నిర్ణీత వాయుమార్గాలు, సైన్యం వాడుకునే గగనతలాలు, విమానాశ్రయం చుట్టూ ఉండే మలుపులు దారిని పక్కకి నెడతాయి. కాబట్టి ఫ్లైట్‌రాడార్24 గానీ ఫ్లైట్‌అవేర్ గానీ తెరిచి, మీ ఫ్లైట్ నంబరుతోనే గత నాలుగైదు రోజుల్లో విమానం ఎలా వెళ్లిందో చూడండి. ఒక్కరోజు గీత చూసి నమ్మొద్దు. నాలుగైదు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే దారి ఖాయమైనట్టే. చెల్లాచెదురుగా ఉంటే గాలులనో రద్దీనో బట్టి మారుతోందని అర్థం.

తర్వాత, చూడాలనుకున్న కొండో సరస్సో ఆ గీతకి ఎంత పక్కగా ఉందో కొలవండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. విమానం సరిగ్గా కొండ మీదుగా వెళ్తోందంటే సంతోషించాల్సిన పనిలేదు, అలాంటిది ఏ వైపు కూర్చున్నా కనపడదు. 11 కి.మీ. ఎత్తులో ఉన్నప్పుడు 11 కి.మీ. పక్కన నేల మీదున్నది చూడాలంటే 45 డిగ్రీలు కిందికి చూడాలి, అంటే కిటికీకి మొహం ఆనించాల్సిందే. 30 కి.మీ. పక్కనున్నది 20 డిగ్రీల కిందకి వస్తుంది, 60 కి.మీ. దూరానిది 10 డిగ్రీలకి. సీట్లో మామూలుగా కూర్చుని హాయిగా చూడగలిగేది ఈ 20కీ 10కీ మధ్యే. 100 కి.మీ. దాటితే కనిపించడమన్నది మసక మీద ఆధారపడుతుంది.

ఎత్తైన శిఖరాలకి ఈ లెక్క మారుతుంది. 11 కి.మీ. ఎత్తు నుంచి దిగంతం సుమారు 370 కి.మీ. దూరంలో, మన కంటి మట్టానికి 3 డిగ్రీలు కిందుగా ఉంటుంది. 8,849 మీటర్ల ఎవరెస్టు 100 కి.మీ. పక్కన ఉన్నా దిగంతానికి పైకి పొడుచుకొచ్చి ఆకాశం మీదే కనిపిస్తుంది. గాలి శుభ్రంగా ఉంటే ఇంకా చాలా దూరం నుంచీ గుర్తుపట్టొచ్చు.

#3 గాలివాటం

దిక్సూచి గారు చెప్పినదానికి సూర్యుణ్ణి కలపాలి. నా లెక్కలో వైపు తేల్చేది సగం దారి అయితే సగం ఎండ. కొండలు ఎడమ వైపున్నాయని ఎడమ కూర్చుంటే, ఎండ కూడా అటునుంచే కొడుతుంటే మిగిలేది తెల్లటి మసక. గాలిలోని ధూళి వెలుగుని ఎక్కువగా ముందుకే చెదరగొడుతుంది. అందుకే సూర్యుడి వైపు చూస్తే మసక మెరుస్తుంది, వెన్ను సూర్యుడికి పెట్టి చూస్తే అదే మసక సగానికి సగం మాయమవుతుంది. దానికి తోడు ఎండ నేరుగా పడ్డ కిటికీలో ప్రతి గీతా, ప్రతి వేలిముద్రా వెలుగుతుంది.

ఉత్తరానికి వెళ్తుంటే ఉదయం సూర్యుడు కుడి వైపు ఉంటాడు కాబట్టి ఎ తీసుకోండి, సాయంత్రమైతే ఎఫ్. దక్షిణానికి వెళ్లేటప్పుడు సరిగ్గా తిరగేయండి. తూర్పుకో పడమరకో వెళ్తుంటే, ఉత్తరార్ధగోళంలో కర్కటరేఖకి పైనున్న ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు. నీడ వైపు ఉత్తరం. అంటే తూర్పుకి వెళ్తుంటే ఎడమ, పడమరకి వెళ్తుంటే కుడి. దక్షిణార్ధగోళంలో మకరరేఖకి దిగువన ఇదంతా తారుమారు.

టైం గురించి కూడా ఒక మాట. నడినెత్తిన ఎండ ఉంటే కొండలు చదునుగా, కాగితం మీద గీసినట్టు కనపడతాయి. పొద్దు పొడిచిన ఒకటి రెండు గంటల లోపు, పొద్దుగుంకే ముందు ఒకటి రెండు గంటలు నీడలు పొడుగ్గా పడి లోయలు, గట్లు విడివిడిగా తేలతాయి. మధ్యాహ్నానికి నేల వేడెక్కి కొండల నెత్తిన మేఘాలు కట్టడం మామూలే. కొండలు చూడాలనుకుంటే తెల్లవారు ఫ్లైటే మంచిది.

#4 ఆకాశరామన్న

నీడ వైపు, నీడ వైపు అని అందరూ మంత్రంలా చదువుతారు గానీ నేను ఒప్పుకోను. నదులు, చిత్తడి నేలలు, వరిమళ్లు, దీవులు ఉన్న చోట ఎండ వైపు కూర్చున్నవాడిదే అదృష్టం. ఎండకి ఎదురుగా చూస్తేనే నీళ్లు వెండిలా మెరుస్తాయి. నీడ వైపు నుంచి చూస్తే అదే నది బురదరంగు తాడు. సూర్యోదయం, మేఘాల అంచులు, వరుసలు వరుసలుగా మసకలో కరిగిపోయే కొండల ఛాయలు, ఇవన్నీ ఎండ వైపువే.

కర్కటరేఖకీ మకరరేఖకీ మధ్య ఉన్న ప్రాంతాల్లో "మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన" అన్నది ఏడాది పొడుగునా చెల్లదు. 10 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు. ఇంకా పైకి వెళ్లినా, 40 డిగ్రీల దగ్గర కూడా జూన్‌లో సూర్యుడు ఈశాన్యంలో పొడిచి వాయవ్యంలో కుంకుతాడు. అంటే ఎండాకాలం తెల్లవారుజామున ఉత్తరం వైపు కిటికీలోకే ఎండ పడుతుంది. సన్‌కాల్క్ లాంటి సైట్లో తేదీ, టైం, దారి మధ్యలో ఒక చోటు ఇస్తే సూర్యుడి దిక్కు డిగ్రీల్లో చెబుతుంది. రెండు నిమిషాల పని, ఊహించడం దేనికి?

#5 గాలివాటం

ఆకాశరామన్న గారూ, ఉష్ణమండలం మాట నిజమే, అందుకే నేను కర్కటరేఖకి పైన అని రాశాను. నీళ్ల మెరుపు సంగతీ ఒప్పుకుంటాను. అయితే అది దొరికేది విమానం సరైన కోణంలో ఉన్న కొద్ది క్షణాలు. మంచుకొండలకి, నగరాలకి, ఎడారులకి నీడ వైపే నా ఓటు.

నీడ వైపు ఇంకో లాభం ఉంది. కింద మేఘాల పరుపు ఉంటే విమానం నీడ దాని మీద పడేది అటే. ఆ నీడ చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, దాన్ని గ్లోరీ అంటారు. వలయం నడిమధ్య బిందువు మన కంటికి సూటిగా సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటుంది. అందుకే నీడ పెద్దగా కనిపించినప్పుడు జాగ్రత్తగా చూస్తే వలయం కేంద్రం విమానంలో మనం కూర్చున్న చోటే పడుతుంది. రెక్క ముందు కూర్చున్నవాళ్లకి ముక్కు దగ్గర, చివర కూర్చున్నవాళ్లకి తోక దగ్గర.

#6 వెనకవరుస

వరుసల సంగతికొద్దాం. ఎయిర్‌బస్ ఎ320లో 30 వరుసలు, 180 సీట్ల అమరిక తీసుకోండి. రెక్క మీది ఎగ్జిట్లు, అంటే అత్యవసర తలుపులు, సాధారణంగా 12, 13 వరుసల దగ్గర ఉంటాయి. రెక్క ముందంచు దేహానికి అతికేది 9, 10 వరుసల ప్రాంతంలో. ఇంజను మూతి ఇంకా ముందుకి పొడుచుకొస్తుంది కాబట్టి 8లో కూర్చుని కొంచెం వెనక్కి చూస్తే అదే కనిపిస్తుంది. కిందా పక్కా అడ్డం లేకుండా కావాలంటే 7 లోపు.

వెనక సంగతి చాలామందికి తెలీదు. రెక్క దేహం దగ్గర 17, 18 వరుసల్లో ముగిసినా, అది వెనక్కి వాలి ఉంటుంది. రెక్క కొన 20, 21 వరుసలకి ఎదురుగా తేలుతుంది. అందుకని 18లో కూర్చుంటే కింద నేల కనిపించినా పక్క చూపుకి రెక్క కొస అడ్డం. 22 నుంచి వెనక్కి వెళ్తే పక్క చూపు శుభ్రం, పైగా ఫొటోలో ముందు భాగాన రెక్క ఒక మూలగా వచ్చి అందంగా ఉంటుంది.

మరి ముందా వెనకా? కళ్లతో చూడ్డానికి రెండూ సమానమే. ఫొటోలకి ముందే మేలు. ఇంజను నుంచి వెనక్కి పోయే వేడిగాలి వెనక వరుసల్లోంచి కిందికీ ముందుకీ చూసే చూపులో అడ్డం పడి నేలని వణికిస్తుంది. ఆ వణుకుని ఏ లెన్సూ సరిచెయ్యలేదు. ల్యాండింగప్పుడు రెక్క వెనకంచున ఫ్లాప్‌లనే పలకలు దిగడం, నేల తాకగానే రెక్క మీద స్పాయిలర్లనే పలకలు లేవడం చూడాలనుకునేవాళ్లకి మాత్రం 18 నుంచి 22 వరకే స్వర్గం.

#7 మేఘమాల

చాలా బాగా చెప్పారు. ఒక అనుమానం. ఎగ్జిట్ వరుస చూసి, దానికి ఐదు వరుసలు ముందుకి లెక్కపెట్టుకుంటే ఏ విమానానికైనా సరిపోతుందా? ఎ321కి కూడా?

#8 వెనకవరుస

ఎ321 దగ్గరే ఆ సూత్రం బోల్తా కొడుతుంది. అది ఎ320 కంటే దాదాపు 7 మీటర్లు పొడుగు, అందులో 4 మీటర్ల పైన రెక్కకి ముందే చేర్చారు. కాబట్టి ముందు వైపు మంచి వరుసలు ఐదు దాకా ఎక్కువ దొరుకుతాయి. కానీ పాత అమరిక ఎ321లో రెక్క మీద ఎగ్జిట్లే ఉండవు. రెక్కకి ముందొక జత, వెనకొక జత తలుపులుంటాయి. మ్యాపులో ఎగ్జిట్ అని కనపడేది ఆ తలుపే, అక్కణ్ణుంచి లెక్కపెడితే తప్పుతుంది. తలుపు పక్క సీటుకి కిటికీ లేకపోవడమో, తలుపులోని చిన్న అద్దమే దిక్కవడమో కూడా జరుగుతుంది. కొత్త ఇంజన్లతో వచ్చిన నియో రకాల్లో ఆ ముందు తలుపు తీసేసి రెక్క మీద ఎగ్జిట్లు పెట్టినవీ ఉన్నాయి. విమానం పేరు ఒకటే అయినా లోపలి అమరిక చూడకుండా బుక్ చేయకండి.

#9 రివెట్టు

గోడ ఎదురయ్యే సీట్ల ప్రశ్నకి నా జవాబు. కిటికీల మధ్య దూరం విమానం దేహంలోని చట్రాల దూరాన్ని బట్టి ఉంటుంది. ఎ320 కుటుంబంలో 21 అంగుళాలు, బోయింగ్ 737లో 20 అంగుళాలు. సీట్ల మధ్య దూరం, అంటే పిచ్, సంస్థ ఇష్టం. 28 నుంచి 32 అంగుళాల దాకా ఉంటుంది. ఈ రెండిటికీ పొంతన లేదు కాబట్టే కొన్ని వరుసలకి కిటికీ కళ్ల ముందుంటుంది, కొన్నిటికి భుజం వెనక పడుతుంది.

దీన్ని లెక్కగట్టొచ్చు. 737లో పిచ్ 30 అయితే వరుస మారినప్పుడల్లా కిటికీ స్థానం 10 అంగుళాలు జరుగుతుంది. రెండు వరుసలకోసారి మళ్లీ మొదటికొస్తుంది. 22వ వరుసకి కిటికీ బాగుందని తెలిస్తే 24, 26 కూడా బాగుంటాయి, 23, 25 కావు. ఎ320లో పిచ్ 28 అయితే వరుసకి 7 అంగుళాల చొప్పున జరిగి మూడు వరుసలకోసారి తిరిగొస్తుంది. 29 అయితే ఇంత శుభ్రంగా కుదరదు, రెండున్నర వరుసలకోసారి అన్నట్టు నడుస్తుంది. ఎగ్జిట్ వరుస దగ్గర పిచ్ పెరుగుతుంది కాబట్టి అక్కడ లెక్క తెగుతుంది. ఎగ్జిట్‌కి ముందు ఒక లెక్క, వెనక మరో లెక్క పెట్టుకోండి.

మొదటి ఆధారం ఎక్కడిదంటారా? ఏరోలోపా అనే సైట్లో సంస్థలవారీగా, విమానాలవారీగా మ్యాపులు కిటికీల స్థానాలతో సహా గీసి ఉంటాయి. సంస్థ సొంత మ్యాపులో కిటికీలు ఉజ్జాయింపుగా గీసేస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇది కాక అసలు కిటికీయే లేని చోట్లున్నాయి. 737లో రెక్కకి కాస్త ముందు, పొట్టలోంచి పైకప్పుకి ఏసీ గాలి తీసుకెళ్లే గొట్టం గోడ లోపలినుంచి వెళ్తుంది. అది పోయే చోట కిటికీ పెట్టరు. 737-800లో చాలా సంస్థల అమరికల్లో ఇది 10, 11, 12 వరుసల ప్రాంతంలో తగులుతుంది. కుడీ ఎడమా ఒకేలా ఉండదు. ఎడమ ఒక వరుసకి పోతే, కుడి వైపు పక్క వరుసకి కూడా పోవచ్చు. మిగతా విమానాల్లో టాయిలెట్ గోడ ముందున్న ఆఖరి వరుస, గోడ వెనకుండే మొదటి వరుస అనుమానించాల్సినవి.

ఇంకొకటి. చెకిన్ అయ్యాక విమానం మారిస్తే సీటు నంబరు అలాగే ఉండి కిటికీ మాత్రం గల్లంతవుతుంది. బయల్దేరే ముందురోజు, ఆ రోజు పొద్దున మళ్లీ ఒకసారి విమానం రకం సరిచూసుకోండి.

#10 లెన్సుమూత

ఫొటోల గురించి. కిటికీ ఒక అద్దం కాదు, మూడు పొరలు. బయటి రెండూ ఒత్తిడి తట్టుకునేందుకు ఉద్దేశించిన యాక్రిలిక్ పలకలు, లోపలిది మనం గీతలు పెట్టకుండా కాపలా. మధ్య పలక కింది భాగాన చిన్న రంధ్రం ఉంటుంది. దాని వల్ల బయటి రెండు పలకల నడుమ గాలికీ క్యాబిన్‌కీ ఒత్తిడి సమానమై మొత్తం భారం బయటి పలక మోస్తుంది, తేమ కూడా బయటికి పోతుంది. చలిలో ఆ రంధ్రం చుట్టూ మంచు పువ్వులు పూస్తాయి, అటువైపు గురిపెట్టకండి.

పాటించాల్సినవి: లెన్సుని అద్దానికి వేలెడు దూరంలో పెట్టండి, ఆనించొద్దు. ఆనిస్తే విమానం వణుకు నేరుగా కెమెరాకి ఎక్కుతుంది. అద్దానికి నిటారుగా తీయండి. ముందుకో వెనక్కో బాగా వాల్చి తీస్తే మూడు పొరల్లో బొమ్మ రెండుగా చీలుతుంది. ఫ్లాష్ కట్టేయండి, తలమీద దీపం కట్టేయండి, ముదురు రంగు చొక్కా గానీ శాలువా గానీ లెన్సు చుట్టూ కప్పండి. తెల్ల చొక్కా వేసుకుంటే అదే అద్దంలో దెయ్యంలా కనిపిస్తుంది. షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వొద్దు, తక్కువ ఎత్తులో 1/1000. అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే కన్ను, ఎఫ్/4, ఎఫ్/5.6 చాలు. ఎఫ్/16 పెడితే అద్దం మీది గీతలన్నీ ఫోకస్‌లోకి వచ్చి కూర్చుంటాయి. ఆటోఫోకస్ ఆ గీతల్నే పట్టుకుని వేలాడుతుంటే మాన్యువల్‌లో దూరానికి బిగించండి. ఫోన్లో అయితే దూరంగా ఉన్న గట్టు మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, మేఘాలు తెల్లగా కాలిపోకుండా వెలుతురు కొంచెం దించండి. అల్ట్రావైడ్ వాడితే కిటికీ చట్రమే సగం ఫొటో అవుతుంది.

#11 మేఘమాల

మసక తగ్గడానికి పోలరైజర్ ఫిల్టర్ వాడమని కొందరు చెబుతుంటారు?

#12 లెన్సుమూత

నేల మీద మంచి సలహా, విమానంలో కాదు. యాక్రిలిక్ మీద ఒత్తిడి పడ్డప్పుడు దాని గుండా వచ్చే వెలుగు పోలరైజర్‌లోంచి చూస్తే నూనె చుక్క మీది రంగుల్లా చారలు చారలుగా కనిపిస్తుంది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకున్నా ఇదే తంతు. తీసేయండి. మసకని తర్వాత ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచి, నీలం తగ్గించి సరిచేసుకోవచ్చు. అసలు మందు మాత్రం గాలివాటం గారు చెప్పినట్టు నీడ వైపు కూర్చోవడమే.

#13 గాలివాటం

ల్యాండింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నగరం చూడాలనుకునేవాళ్లకి దారి కంటే రన్‌వే ముఖ్యం. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. రన్‌వే నంబరుని పదితో గుణిస్తే దిక్కు డిగ్రీల్లో వస్తుంది. 27 అంటే 270 డిగ్రీలు, పడమరకి దిగుతున్నట్టు. అదే రన్‌వే రెండో కొస 09, తూర్పుకి. 27 మీద దిగుతుంటే ఎడమ కిటికీలో దక్షిణం, కుడి కిటికీలో ఉత్తరం. 09 అయితే తిరగబడుతుంది. నగరం రన్‌వేకి ఏ దిక్కున ఉందో మ్యాపులో చూస్తే మీ వైపు తేలిపోతుంది.

గాలి ఎటుందో ముందురోజు రాత్రి టాఫ్ అనే విమానాశ్రయ వాతావరణ సూచనలో దొరుకుతుంది, అప్పటికప్పుడు కావాలంటే మెటార్ అనే తాజా వాతావరణ నివేదికలో. 27012కేటీ అని ఉంటే పడమర నుంచి 12 నాట్ల గాలి. గాలి మరీ తక్కువగా ఉంటే విమానాశ్రయం తనకి వీలైన రన్‌వేనే వాడుకుంటుంది, అప్పుడు గత రోజుల గీతలే ఆధారం.

ఆఖరి 10 నాటికల్ మైళ్లు విమానం తిన్నగా వస్తుంది. 3 డిగ్రీల వాలులో అది సుమారు 3,000 అడుగుల నుంచి మొదలవుతుంది. చేతిలో ఉండేది దాదాపు నాలుగు నిమిషాలు. ఆ ముందు మలుపుల్లో, విమానం ఎటు తిరిగితే అటు కిటికీ నేలకి వాలుతుంది, రెండో వైపు వాళ్లకి ఆకాశమే. గాల్లో చక్కర్లు కొట్టించే హోల్డింగ్‌లో ప్రామాణిక మలుపు కుడికి, అంటే ఆలస్యమైన ఫ్లైట్లో ఎఫ్ సీటుకి బోనస్.

#14 దిక్సూచి

లెక్కలు సరే, ప్రపంచంలో పేరుమోసిన దారులు కొన్ని చెబుతాను, పైసూత్రాలు ఎలా పనిచేస్తాయో తెలుస్తుంది. టోక్యో హనెదా నుంచి ఒసాకా వైపు వెళ్లే ఫ్లైట్లు ఫూజీ పర్వతానికి దక్షిణంగా పోతాయి, కాబట్టి వెళ్లేటప్పుడు కుడి. ఢిల్లీ నుంచి ఖాట్మండుకి ఎడమ, తిరిగొచ్చేటప్పుడు కుడి. ఖాట్మండు నుంచి భూటాన్‌లోని పారోకి తూర్పుగా వెళ్తుంటే ఎవరెస్టు ఎడమ వైపు. బ్యూనస్ ఐరిస్ నుంచి శాంటియాగోకి ఆండీస్ కొండలు దాటేటప్పుడు అకొంకాగువా శిఖరం కుడి వైపు. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, అంటే అక్కడ చూడాల్సినదీ ఎండా ఒకే వైపు. అందుకే మధ్యాహ్నం కంటే సాయంత్రం మేలు, సూర్యుడు పడమరకి దిగి పక్కనుంచి వెలుగు పడుతుంది. నైరోబీ నుంచి దారెస్సలాంకి కిలిమంజారో కుడి వైపు.

గ్రీన్‌లాండ్ కోసం అడిగేవాళ్లకి: ఐరోపా నుంచి ఉత్తర అమెరికాకి పడమరగా వెళ్లే పగటి ఫ్లైట్లలోనే ఆశ పెట్టుకోండి. తూర్పుకి తిరిగొచ్చే ఫ్లైట్లు ఎక్కువగా రాత్రివి, పైగా వెనకనుంచి తోసే జెట్ ప్రవాహం కోసం తరచుగా దక్షిణంగా వస్తాయి. ఆ సముద్రం మీది దారులు రోజూ మారతాయి.

#15 చుక్కలరేడు

రాత్రి ఫ్లైట్ల గురించి కూడా రాయండి మహాప్రభో, చీకట్లో ఏమీ ఉండదనుకుంటున్నారు. ఉత్తర ధ్రువకాంతులు చూడాలంటే ఉత్తరం వైపు కిటికీ. ఉత్తర అమెరికా నుంచి ఐరోపాకి రాత్రిపూట తూర్పుగా వచ్చే ఫ్లైట్లో అది ఎడమ. చంద్రుడు ఏ వైపుంటాడో తేదీ చూసి లెక్కేసుకుని రెండో వైపు తీసుకోండి. రెక్క కొనన మినుకుమనే దీపం కళ్లలో పడకుండా రెక్కకి బాగా ముందు వరుసలు. దుప్పటి తల మీదుగా కిటికీ అంచుల దాకా కప్పుకుని పది నిమిషాలు కళ్లని చీకటికి అలవాటు చేస్తేనే చుక్కలు తెలుస్తాయి.

సాయంత్రాలకి ఇంకోటి. సూర్యుడు కుంకినప్పుడు అందరూ పడమర చూస్తారు. ఎదురు వైపు కిటికీలో భూమి నీడ ముదురు నీలం పట్టీలా పైకి లేస్తుంది, దాని మీద గులాబీ రంగు పట్టీ. నేల మీదకంటే ఆ ఎత్తులో స్పష్టంగా ఉంటుంది. 60 డిగ్రీల అక్షాంశంలో భూమి తిరిగే వేగం గంటకి 835 కి.మీ. మాత్రమే, జెట్ వేగం దానికి దీటుగా ఉంటుంది. అందుకే ఆ ఎత్తు అక్షాంశాల్లో పడమరకి వెళ్తుంటే సూర్యాస్తమయం గంటల తరబడి సాగుతుంది.

#16 రివెట్టు

చిన్న విమానాలు, పెద్ద విమానాల సంగతి కూడా ముగిద్దాం. ఎటిఆర్ 72, డాష్ 8 లాంటి ప్రొపెల్లర్ విమానాలకి రెక్క నెత్తిన ఉంటుంది, కింది చూపుకి అడ్డం లేదు. ఎటిఆర్ 25,000 అడుగులు దాటదు, మామూలుగా ఇంకా కిందే ఎగురుతుంది కాబట్టి ఊళ్లు, రోడ్లు పోల్చుకునేంత దగ్గర. ప్రొపెల్లర్‌కి ఎదురుగా పడే వరుసల్లో మోత ఎక్కువ, ఫోన్లో తీస్తే ప్రొపెల్లర్ రెక్కలు కొడవళ్లలా వంగి వస్తాయి. వెనక మూడో వంతు వరుసలు మంచివి. తోక దగ్గర ఇంజన్లుండే చిన్న జెట్లలో మాత్రం వెనక్కి వెళ్లకండి, కిటికీ నిండా ఇంజనే.

బోయింగ్ 787 కిటికీలు సుమారు 47 సెం.మీ. ఎత్తు, 27 సెం.మీ. వెడల్పు. వరుస కొంచెం తేడా అయినా గోడ ఎదురవడం అరుదు. దానికి తెర ఉండదు, మీట నొక్కితే అద్దమే నీలంగా ముదురుతుంది. దూరపు ఫ్లైట్లలో క్రూ అన్నిటినీ ఒకేసారి చీకటి చేసి లాక్ చేయగలరు. మర్యాదగా అడిగితే మీ ఒక్క కిటికీకి వదిలేవాళ్లూ ఉంటారు. ఎ380 పై అంతస్తులో గోడ వంపు వల్ల సీటుకీ కిటికీకీ మధ్య సామాను పెట్టె వస్తుంది, కిందకి చూడ్డం కష్టం. బిజినెస్ క్లాసులో ధర చూసి మోసపోవద్దు. కొన్ని అమరికల్లో సీట్లు కిటికీకి వీపు పెట్టి నడవ వైపు తిరిగి ఉంటాయి, కొన్నిటిలో వరుస మార్చి వరుస కిటికీ పక్కన బల్ల, నడవ పక్కన సీటు.

#17 మేఘమాల

అయితే ఇది సరిచూడండి. శీతాకాలం, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, మధ్యాహ్నం 3కి పడమరగా వెళ్లే ఎ321. దారికి ఉత్తరాన 40 కి.మీ. దూరంలో మంచుకొండల వరుస. దిగేది రన్‌వే 27, నగరం రన్‌వేకి దక్షిణాన. కొండలకి కుడి, ఎండ తప్పడానికి కుడి, నగరానికి ఎడమ. ఎఫ్ తీసుకుంటే నగరం పోయినట్టేనా?

#18 గాలివాటం

ఎఫ్ తీసుకోండి. ఆ టైంకి సూర్యుడు నైరుతిలో, అంటే మీకు ఎడమ ముందు వైపు ఉంటాడు, కొండల దక్షిణపు ముఖాల మీద ఎండ పడుతుంది. నగరం నాలుగు నిమిషాలది, కొండలు అరగంటవి. పైగా శీతాకాలం పొద్దు వాలాక నగరం ఎదురెండలో మసకగానే ఉంటుంది.

#19 వెనకవరుస

వరుస 8 నుంచి 11 లోపు, రెక్కకి ముందున్న తలుపు పక్కది కాకుండా. పిచ్ ఎంతో చూసి రివెట్టు గారి లెక్క వేసుకోండి.

#20 దిక్సూచి

గత వారం గీతలు మాత్రం ముందు చూడండి. 40 కి.మీ. అన్నది మ్యాపు మీద కొలిచిందా, విమానం నిజంగా వెళ్లిన దారి నుంచి కొలిచిందా? దారి 30 కి.మీ. ఉత్తరానికి జరిగితే ఆ కొండలు కాళ్ల కిందికొచ్చేస్తాయి. అప్పుడు రెక్కకి ముందు వరుస, కిటికీ కంటికి ఎదురుగా ఉన్న సీటు దొరక్కపోతే ఏ వైపైనా ఒకటే.